ఇందుజ పథ్యం

పొద్దున్నే కింది అంతస్తులో మగ్గాలు మొదలయ్యాయి. వలస తెలుగువాళ్లుండే మగ్గాల పేట లింబాయత్‌లో ఆ టకటకతోనే తెల్లవారుతుంది, చంటిపిల్లలు కూడా దానికి అలవాటుపడి హాయిగా నిద్రపోతారు. ఇందుజకు మాత్రం ఎప్పుడో మెలకువ వచ్చేసింది. నెల నిండని పాపను పక్కలో పెట్టుకుని, ఇవాళ మరుగుదొడ్డికి పోవాల్సిన అవసరం రాకుండా చూడమని దేవుడికి దండం పెట్టుకుంటోంది. వినేవాళ్లకు నవ్వొచ్చే కోరికే. ఆమెకు మాత్రం అది ప్రాణభయం.

కాన్పయిన కొద్దిరోజులకే మొదలైందా బాధ. దొడ్లో కూర్చుంటే చాలు, గాజుపెంకుతో కోసినట్టు నొప్పి. ఆ వెంటనే ఎర్రటి రక్తం. అంతస్తులో నాలుగు కుటుంబాలకూ కలిపి ఒకటే సండాస్ కాబట్టి పళ్లబిగువున ఏడుపు ఆపుకుని, రక్తం మీద నీళ్లు కుమ్మరించి, ఏమీ జరగనట్టు బయటికి వచ్చేది. మొగుడికీ చెప్పలేదు, అత్తకూ చెప్పలేదు. వాళ్లమ్మకు కూడా ఇలాగే రక్తంతో మొదలైంది. ఆమె సిగ్గుపడి దాచుకుంది. లోపల గడ్డ ఉందని తెలిసేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అప్పటికి ఇందుజ జడలు తానే వేసుకోవడం కూడా రాని పిల్ల. ఇప్పుడు తన పాప ముఖం చూసినప్పుడల్లా ఒకటే వణుకు, దీనికీ నా గతే పడుతుందా అని.

ఆ భయంలో ఆమెకు తోచిన ఉపాయం ఒక్కటే. తినకపోతే పోవాల్సిన పని ఉండదు.

తల్లి లేదు కనుక తొలికాన్పు అత్తగారింట్లోనే జరిగింది. అత్త రాజవ్వ ప్రాణం పెట్టి చూసుకుంటోంది, అందులో సందేహమే లేదు. గల్లీలో తెలుగు బాలింతలందరికీ పథ్యం చెప్పే మనిషాయె! పూటపూటకూ వేడన్నంలో వెల్లుల్లి కారం, మిరియాల పొడి, నెయ్యి. కూర తింటే పిల్లకు వాతమట. పండు తింటే సర్ది. నీళ్లు తాగితే బాలింతకు పొట్ట దిగదట. దాహం వేస్తే గొంతు తడిసేటన్ని వాము నీళ్లు ఇచ్చేది, అదీ అడిగితేనే.

ఆ పొద్దున మంచం కింద ఊడుస్తున్న రాజవ్వ చీపురుకు ఒక ప్లాస్టిక్ సంచి తగిలింది. విప్పి చూస్తే కారం కలిపిన అన్నం ముద్దలు, కొన్ని బూజు పట్టినవి. ఆమె అక్కడే కూలబడింది.

"ఇదేంది ఇందూ? నేను పొయ్యి కాడ మాడుకుంట వండితే నువ్వు సంచిల దాస్తున్నవా?"

ఇందుజ తల ఎత్తలేదు. మగ్గాల మీద నైట్ డ్యూటీ చేసి, నెత్తినిండా నూలు నూగుతో అప్పుడే గడప దాటిన నరహరి తల్లి ముఖమూ పెళ్లాం ముఖమూ మార్చి మార్చి చూశాడు.

"ఏమైందే అవ్వా?"

"నీ పెండ్లాన్నే అడుగు! పాలు చాలక పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే నేను ఊరందరి దిష్టి తీస్తున్న. ఈమేమో తిండి పారేస్తుంది. తల్లి ఉంటే నేర్పుతుండె. లేకపాయె, ఎవలు నేర్పుతరు?"

ఆ మాటకు ఇందుజ విసురుగా లేచింది. నొప్పికి మళ్లీ అలాగే గోడకు ఒరిగిపోయింది.

"మా అమ్మ ఎట్ల పోయిందో తెలుసా అత్తమ్మా? సండాస్‌ల రక్తం పడి పోయింది! నాకు గూడ గట్లనే పడుతుంది. తింటే పోవాలె, పోతే రక్తం. అందుకే తింటలేను. నేను సస్తే నా బిడ్డకు ఎవలున్నరు?"

నరహరి చేతిలోని టిఫిన్ డబ్బా కింద పెట్టడం కూడా మరిచిపోయాడు. రాజవ్వ సంచి పక్కకు నెట్టి లేచి, పాపకు గుడ్డ చుట్టింది.

"ఆటో తీస్కరా నరహరీ. జల్ది!"

దవాఖానాలో లేడీ డాక్టర్ లోపలికి తీసుకెళ్లి పరీక్ష చేస్తున్నంతసేపూ ఇందుజ కళ్లు గట్టిగా మూసుకునే ఉంది. గడ్డ అనే మాట ఏ క్షణాన వినాల్సి వస్తుందోనని చెవులు కూడా మూసుకోవాలనిపించింది.

"డరో మత్ బేటీ, భయపడకు," అంది డాక్టర్. గడ్డ కాదని, మలం గట్టిపడి చర్మం చీలిందని, కాన్పయిన ఆడవాళ్లలో చాలామందికి వచ్చేదేనని హిందీలో నిదానంగా చెప్పింది. పూతమందు రాసుకోవాలి, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవాలి. అప్పటికీ రక్తం ఆగకపోతే మళ్లీ రావాలి. "సరే, ఏం తింటున్నావు?"

ఆ ప్రశ్నకు జవాబు రాజవ్వే చెప్పింది. వెల్లుల్లి కారం దగ్గర్నుంచి వాము నీళ్ల దాకా, ఎంత జాగ్రత్తగా చూసుకుంటోందో వివరంగా చెప్పింది.

డాక్టర్ ఓపికగా విని, "నీళ్లు ఆపి, కూర ఆపి, కారం పెడితే పుండు ఎలా మానుతుందమ్మా?" అంది. "మెత్తటి అన్నం, పెసరపప్పు, సొరకాయ, పాలకూర, బాగా పండిన బొప్పాయి పెట్టు. నీళ్లు దండిగా తాగించు. పాపకేమీ కాదు."

తిరిగొస్తుంటే ఆటోలో రాజవ్వ పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటి మలుపు దగ్గర మెల్లగా అంది: "నేనే నీ పానం మీదికి తెచ్చిన్నా బిడ్డా?"

ఇందుజ అత్త చేతిమీద చెయ్యి వేసింది.

మధ్యాహ్నం సొరకాయ పెసరపప్పు వండి, పండిన బొప్పాయి కోసింది రాజవ్వ. బాలింత కోసం తన చేత్తో పండు కోయడం ఆమెకు అదే మొదలు. పళ్లెం ముందు పెడితే ఇందుజ ముట్టుకోలేదు.

"భయమైతుంది అత్తమ్మా. మళ్ల రేపు పోవాలె గదా."

"నాకు గూడ భయమే. గా డాక్టరమ్మ చెప్పింది గానీ, ఈ పండు నువ్వు తింటే పిల్లకు ఏమన్న అయితదేమోనని. నీ భయం నీది, నా భయం నాది. ఇద్దరం భయపడుకుంటనే తిందాం పా."

ముందు తానొక ముక్క నోట్లో వేసుకుంది. తర్వాత పప్పన్నం మెత్తగా పిసికి కోడలి నోటికందించింది. ఇందుజ ఏడుస్తూనే మింగింది.

ఆ తర్వాత కూడా ప్రతి ఉదయం భయంగానే గడిచింది. ఒకరోజు నొప్పి తగ్గినట్టే తగ్గి, మర్నాడు మళ్లీ రక్తం కనబడి ఇందుజ బావురుమంది. రాజవ్వ మాత్రం చెంబెడు నీళ్లతో వెంటపడి తిరిగేది, తాగేదాకా వదిలేది కాదు. పాపకు సర్దీ రాలేదు, వాతమూ రాలేదు. అయినా రోజుకు పదిసార్లు దాని ముక్కు తడిమి చూసుకునేది.

ఒక పొద్దున ఇందుజ సండాస్ లోపలుంది. బయట ఎవరో తలుపు బాదబోయారు. వెంటనే పాపను భుజాన వేసుకున్న రాజవ్వ గొంతు లేచింది.

"ఏయ్, తలుపు ముట్టకు! నా బిడ్డ లోపలున్నది. నిమ్మళంగ వస్తది. నీకంత తొందరుంటే కింది అంతస్తుకు పో!"

ఇందుజ మెల్లగా బయటికొచ్చింది. రాజవ్వ ఆమె ముఖంలోకి గుచ్చి చూసింది.

"నొప్పుందా?"

"ఉంది. మొన్నటంత లేదు."

"మరి... రక్తం?"

ఇందుజ లేదన్నట్టు తలూపింది. అలా ఊపుతూ ఊపుతూ అత్త భుజం మీద వాలిపోయింది. పాప ఇద్దరి మధ్యా నలిగి కుయ్యిమంది.

"అత్తమ్మా, బాగా ఆకలైతుంది."

గల్లీలో అందరికీ ధైర్యం చెప్పే రాజవ్వ, ఆ చిన్నమాటకు నడి వరండాలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.