గ్యాలరీ దిక్కు నుంచి వచ్చిన గొంతు

పాలమూరులో కూలగొట్టిన స్టేడియం పక్క గల్లీలో పొద్దుగూకితే చాలు, తలుపులు పడేవి. అక్కడి దెయ్యం తెలిసిన మనిషి గొంతుతోనే పిలుస్తుందట... పలికినవాడు తెల్లారేసరికి నెత్తురు కక్కుకుని చస్తాడట. నేనూ ఆ గల్లీవాణ్ణే. నా చెవులతో విన్నదే చెప్తున్నా.

ఒకప్పుడు ఆ జాగా అంటే ఊరికి ఎంతో గొప్ప. రాయచూరు నుంచి, సికింద్రాబాద్ నుంచి ఫుట్‌బాల్ టీములు వచ్చేవి. మా నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఆట చూపించాడు. ఎనభై ఏడులో దుకాణాలు కడతామని దాన్ని కూలగొట్టారు, తర్వాత పని ఆపేశారు. ఆటా పోయింది, దుకాణాలూ రాలేదు. ఒక పక్క రాతి గ్యాలరీ మాత్రం సగం విరిగి మిగిలింది.

దాని కింద ఒక చిన్న అర్ర. అందులో వహీద్, అతని భార్య జాహేదా ఉండేవాళ్లు. ఆటల కాలంలో గ్రౌండు మీద సున్నంతో గీతలు గీసింది ఈ వహీదే. ఇప్పుడు మిగిలిన రాళ్లకు కాపలా. ఏం కాపలా లెండి... గల్లీలో ఆ గ్యాలరీ రాయి చేరని ఇల్లు లేదు. మా ఇంట్లో బట్టలుతికే బండ కూడా అక్కడిదే. ఒక్కరమూ సిగ్గుపడలేదు.

ఆ తర్వాతే అక్కడ దెయ్యం ఉందన్న మాట పుట్టింది. అదే ఏడాది, రాత్రిపూట ఆడదెయ్యం తలుపులు తడుతోందని ఇంకో పుకారు ఊరూరా తిరిగింది. హిందువులు, ముసల్మానులు అని లేదు — అందరం తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని ఎర్ర జాజుతో రాసుకున్నాం.

ఆ రాత్రి వాన. కరెంటు లేదు. గ్యాలరీ దిక్కు ఏదో పెద్ద చప్పుడైంది... ఉరుమే అనుకున్నాం. కాసేపటికి గల్లీ చివర ఎవరో తలుపు కొట్టారు.

“పుల్లమ్మవ్వా... జర తలుపు తియ్యి...”

పుల్లమ్మ తియ్యలేదు. రెండో తలుపు... మూడో తలుపు... పేరుపేరునా పిలుస్తోంది. ఒక్క పేరూ తప్పు పోలేదు. అది దగ్గరికొచ్చేకొద్దీ ఒక్కో ఇంట్లో దీపం ఆరిపోయింది.

చివరికి మా గడప ముందు ఆగింది. చెక్క మీద గాజులు తగిలిన చప్పుడు.

“మల్లప్పన్నా... మా ఆయన మీద బండ పడ్డది. పానం ఉంది. నలుగురు పడితే లేస్తది...”

అచ్చం జాహేదా గొంతు. నా భార్య గుర్వమ్మ నా నోరు గట్టిగా మూసింది.

“పలకకు... గది జాహేదా కాదు,” అని చెవిలో అంది.

నా చెయ్యి గడియ మీదే ఉంది. తియ్యలేదు. ఆ గొంతు గల్లీ అంతా మూడుసార్లు తిరిగింది. తర్వాత వినిపించలేదు.

తెల్లారాక పదిమందిమి కట్టెలు పట్టుకుని వెళ్లాం. మేం రాళ్లు పీక్కున్న గోడే కూలింది. అర్ర పైబండ వహీద్ నడుము మీద పడి ఉంది. పక్కనే జాహేదా కూర్చుని ఉంది, వేళ్లకు గోళ్లు లేవు. వహీద్ ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

నలుగురం పట్టాం. బండ ఒక్క ఊపుకే లేచింది.

జాహేదా ఏడవలేదు. రాళ్లు ఎవరూ ఎత్తుకుపోకుండా ఆ దెయ్యాన్ని పుట్టించింది వహీదేనని ఎవరూ అడగకుండానే చెప్పింది.

“పొద్దుగాల అజాన్ దాక మాట్లాడిండు. ఎవలన్న వస్తుండ్రా అని అడిగిండు. వస్తుండ్రు అని చెప్పిన.”

ఆ తర్వాత నా దిక్కు తిరిగింది.

“మల్లప్పన్నా, రాత్రి నువ్వు తలుపెనక దగ్గినవ్.”

నిజమే, దగ్గాను. బయట ఉన్నది జాహేదానే అని నాకు తెలుసు. తెలిసే తియ్యలేదు.