మధ్యలో ఆగిన ఒప్పారి

ఆ రోజు అత్త పెద్దకర్మ. కరుమాది రోజైనా కడుపు ఊరుకోదు కాబట్టి చిన్నతాయి పొద్దున్నే పొయ్యి మీద సంగటి గెలుకుతోంది. వాకిట్లో ఆమె భర్త శివలింగం షామియానా గుంజకు తాడు బిగిస్తున్నాడు. తమిళనాడులోని ధర్మపురిలో ఇల్లు కట్టుకునేవాళ్లు వెతుక్కుంటూ వచ్చే మేస్త్రి అతను. వీధి మొదట్లో బ్యానరు ముందురోజే కట్టేశారు. అందులో అతని తల్లి పెరుమాయి పట్టుచీర కట్టుకుని, కాసులపేరు వేసుకుని నవ్వుతోంది. పెరుమాయి బతికుండగా కాసులపేరు వేసుకున్నది లేదు. నవ్వడం కూడా తక్కువే. స్టూడియోవాడు ఓటరు కార్డులోని తలను తీసి ఎవరిదో ఒంటికి అతికించాడు.

ఆ బ్యానరు చేయించింది కూతురు తిలగవతి. హరూర్‌లో ఆమెకూ ఆమె భర్తకూ సిమెంటు, కమ్మీల అంగడి ఉంది. నలుగురిలో పరువుగా బతుకుతున్నారు. అమ్మ కూడా పరువుగానే వెళ్లాలని ఆమె పట్టుదల. నిన్ననే పుట్టింటికి వచ్చింది గానీ వదినతో ఒక్క మాట మాట్లాడలేదు.

కోపానికి కారణం లేకపోలేదు. మనిషి పోయినప్పుడు ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఒప్పారి పాడటం ఆ ఇళ్లలో వాడుక. గడప దాటితే అంతా తమిళమే అయినా ఏడుపు మాత్రం ఇంటి తెలుగులోనే. పోయినవాళ్లను పొగడాలి, గుండెలు బాదుకోవాలి. పెరుమాయి పోయిన రోజు కోడలు చిన్నతాయి అత్త తలదగ్గర కూర్చుని ఇలా అందుకుంది:

"ఉప్పు దాచినావే అత్తా, ఉల్లి దాచినావే,
పెట్టెకు బీగం వేసి బీగంచెవి రొంటిన దోపినావే..."

అప్పుడే లోపలికి కాలుపెట్టిన తిలగవతి చెవిన సరిగ్గా ఆ రెండు ముక్కలే పడ్డాయి. ఒక్క అంగలో వెళ్లి వదిన నోరు అరచేత్తో మూసేసింది. ఆ తర్వాత చిన్నతాయి పాడలేదు. తిలగవతి కూడా ఏడవలేదు. తల్లి శవం ముందు కూర్చున్నా కంట్లో తడి రాకపోవడం ఆమెకు లోలోపల భయంగానే ఉంది. ఆ నేరమూ వదిన మీదే వేసి కాస్త ఊరట పొందింది.

ఇప్పుడు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఈ పొద్దు చుట్టాలంతా ఒస్తారు. పెద్దోళ్ల ముందర తప్పయిందని ఒక్క మాట చెప్పు వదినా."

చిన్నతాయి తెడ్డు ఆపలేదు. "ఏమి తప్పు చేస్తిని తిలగా?"

"మా అమ్మ పిసినారి అని ఊరు వినేటట్టు పాడితివి కదా! ఉప్పు దాచింది, ఉల్లి దాచింది అని!"

"దాచలేదా?"

"దాచితే? దాన్ని శవం ముందర పాడతారా ఎవురన్నా?"

"పోయింది మా అత్త. ఆమె చేసిందే కదా నేను పాడల్ల. చేయనిది పాడితే అది ఎవురి అత్తనో అయిపోతుంది."

గొంతులు విని శివలింగం లోపలికి వచ్చాడు. "ఏందిది పొద్దున్నే?"

"అన్నా, నువ్వే చెప్పు. తప్పయిందని వదిన చెప్పకపోతే ఈ పొద్దుతో సరి. ఇంక ఈ గడప తొక్కను."

శివలింగం పెళ్లాం వైపు చూశాడు. "ఒక్క మాటే కదా చిన్నతాయీ. చెప్పెయ్యి, పోతుంది."

"చెప్పను," అంది చిన్నతాయి. గట్టిగా కూడా అనలేదు. సంగటి దించి ముద్దలు చేయడం మొదలుపెట్టింది.

గడప తొక్కనని తిలగవతి అనేసింది. అమ్మ పోయాక ఆమెకు పుట్టిల్లంటే ఈ వంటిల్లే, ఈ వదిన చేతి ముద్దే. అది తెలిసీ అంది. అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాక, ఎదురుగా పెట్టిన ముద్ద ముట్టకుండానే బయటికి వెళ్లిపోయింది.

ఎండ పైకొచ్చేసరికి మణిమేగలై వచ్చింది. మైకులో ఒప్పారి పాడటం ఆమె వృత్తి. పెన్నాగరం వైపు ఏ ఇంట చావు జరిగినా ముందు ఆమెకే ఫోను చేస్తారు. తెలియని ఇంట్లో కూర్చుని తెలియని మనిషి కోసం గొంతు చించుకోవడం తేలిక కాదు. ఆ పనిని ఆమె శ్రద్ధగానే చేస్తుంది. స్పీకరు సరిచూసుకుని, అమ్మ ఎలా ఉండేదని తిలగవతిని తమిళంలో అడిగింది.

"రాణి మాదిరి ఉండేది," అంది తిలగవతి.

ఇంకేం. పెరుమాయి ఏనుగు దంతం మంచం మీద పవళించింది. ముత్యాల పల్లకిలో ఊరేగింది. తామరపూల చేతులతో దానాలు చేసింది. ఏడంతస్తుల మేడ విడిచి ఎక్కడికి పోతివి తల్లీ అని మణిమేగలై తమిళంలో తారస్థాయికి వెళ్లింది. పెరుమాయి మేడలు ఎక్కిన మాట నిజమే. నెత్తిన సిమెంటు తట్టతో ఎక్కింది, ఖాళీ తట్టతో దిగింది. కట్టడం పూర్తయ్యాక ఏ మేడలోకీ ఆమెను ఎవరూ పిలవలేదు.

చుట్టాలు గొంతు బాగుందని తలలూపుతున్నారు. ఒకాయన ఫోనులో బోరుబావి సంగతి మాట్లాడుకుంటున్నాడు. తిలగవతి కళ్లు గట్టిగా మూసుకుంది. ఎంత ప్రయత్నించినా ఆ దంతం మంచం మీద బ్యానరులోని పట్టుచీర ఆవిడే కనిపిస్తోంది. ఆవిడెవరో తిలగవతికి తెలియదు. ఉప్పు దాచిన ఆవిడ తెలుసు. ఆవిడ కోసం ఇక్కడ ఎవరూ పాడటం లేదు.

ఆమె లేచి పెరట్లోకి వెళ్లింది. చిన్నతాయి పెద్ద గుండిగ తోముతోంది.

"వదినా. ఆ పొద్దు నేను నీ నోరు మూస్తిని కదా. దాని తరవాత ఏముండె?"

"ఇప్పుడెందుకులే."

"బీగంచెవి రొంటిన దోపింది. తరవాత?"

"పాడితే మళ్లీ మూస్తావు."

"మూయను. లేచి రా," అని తడి చేయి పట్టుకుని లేపింది.

షామియానాలోకి వచ్చి, కాసేపు విశ్రాంతి తీసుకొమ్మని మణిమేగలైకి చెప్పింది. ఆమె మైకు ముందుకు జరపబోతే చిన్నతాయి వద్దని తలూపింది. నేల మీద కూర్చుని కొంగు బిగించుకుంది. మళ్లీ ఉప్పు దగ్గరే మొదలుపెట్టింది. చుట్టాలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. శివలింగం తల వంచుకున్నాడు. ఈసారి ఎవరూ ఆపలేదు.

"పనినుంచి నేనొస్తే అత్తా, ఆ పెట్టె తెరిచినావే,
బిడ్డలకు లేదని చెప్పి బెల్లం నా నోట పెట్టినావే.
సిమెంటు తిన్న చేయి అత్తా, చెంపన కొడితే మంట,
ఆ చేత్తోనే తలకు ఆముదం రాస్తే అంతకన్నా మంట..."

వెనకవరసలో ఒక ముసలమ్మ ఫక్కున నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. ఆ చేతి దెబ్బ ఆమె కూడా ఎప్పుడో తిన్నదే. ఫోనులో ఉన్నాయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. తెలుగు రాని మణిమేగలై కూడా నీళ్ల సీసా పక్కన పెట్టి వింటోంది. తిలగవతికి గరుకైన అరచేయి నెత్తిన రుద్దుతున్నట్టే అనిపించింది.

ఉన్నట్టుండి చిన్నతాయి ఆగిపోయింది.

"ఏమి వదినా?"

"చాలు తిలగా. దీని తరవాతది ఒద్దు."

"నేను మూయనంటిని కదా. పాడు."

చిన్నతాయి ఆమె మొహం చూడకుండా, నేల చూస్తూ పాడింది.

"పొద్దు గూకితే అత్తా, తిలగా తిలగా అంటివే,
తిలగ కాదు నేనని చెప్పలేక, ఊ అని నేనంటినే."

పోయేముందు పెరుమాయి నెలల తరబడి మంచంలో ఉంది. ఆ నెలల్లో అన్న ఫోను చేసినప్పుడల్లా తిలగవతి వచ్చే వారం అంది. అమ్మ అడుగుతోందా అని ఎప్పుడూ అడగలేదు. అడుగుతోందని వీళ్లూ ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు బదులు వదిన పలికింది. అది దాచిపెట్టి, పొద్దున అంత మాట పడ్డా నోరు విప్పలేదు.

తిలగవతి గొంతులోంచి ఏదో వచ్చింది. మొదట అది పాటని ఎవరికీ తెలియలేదు.

"బస్సులు పోతానే ఉండె అమ్మా, నేనే ఎక్కకపోతినే,
అంగట్లో గిరాకీ అంటినే అమ్మా, రేపు రేపంటినే..."

రాగం కుదరలేదు. ఊపిరి మధ్యలో తెగింది. కానీ ఆడవాళ్లంతా దగ్గరికి జరిగి, ఒకళ్ల భుజం మీద ఒకళ్లు చేతులు వేసుకుని, ఆ మాటలనే మళ్లీ అందుకున్నారు. నలుగురి ముందు పరువు కోసం తాపత్రయపడిన మనిషి, నలుగురి ముందే తన తప్పు తానే పాడుకుని, వదిన ఒళ్లో తల దూర్చి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. శివలింగం తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. తప్పయిందని ఎవరు ఎవరికి చెప్పాలో ఎవరూ గుర్తుచేయలేదు.

చాలాసేపటికి తిలగవతి తల ఎత్తింది.

"ఇంకా ఉందా వదినా?"

చిన్నతాయి ఆమె మొహం కొంగుతో తుడిచింది. "ఉండాయి. కానీ అన్నీ మీ అమ్మ తిట్లే."

"అవే కావల్ల," అంది తిలగవతి. "పాడు."