కాకికి పెట్టే పిండం కాదు

'పిండం మీద పరిశోధనలు: ఒప్పు, తప్పు, చెప్పలేను' అన్న ఇరవయ్యో ప్రశ్న దగ్గర సమ్మమ్మ మంచం మీంచి లేచి నిలబడింది.

"పిండం మీద పరిశోధనలా? మొన్ననే మా ముసలోనికి పెట్టినం కొడుకా. కాకి ముట్టాల్సినదాన్ని మీరు ముడ్తరా? తప్పు!"

సర్వే చేసేవాడి ముఖంలో ఏ భావమూ కనబడకూడదన్నది నియమం. మధు రాయిలా కూర్చుని 'తప్పు' గడిలో టిక్కు పెట్టాడు.

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. ఆ ఉదయమే సర్వేలో చేరిన సుభాషిణి. ఏటూరునాగారం పిల్ల, రెండేళ్లు నర్సుగా చేసింది.

"నవ్వెందుకు?"

"అవ్వ చచ్చినోళ్ల పిండం సంగతి చెప్తాంది. మీరు కడుపుల పిండమని రాసుకుంటాన్రు సార్!"

"డిక్షనరీల అదే మాటుంది."

"డిక్షనరీ రాసినోళ్లు ఈ అవ్వనడిగిన్రా?"

మధు ముఖం ఎర్రబడింది. ఆ ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులో రాసింది తనే. ఇంట్లో మొదటి డిగ్రీ తనది. ఫారం అడుగున అచ్చయిన కొడుకు పేరును తండ్రి కట్టయ్య తమ ఊరు నెక్కొండంతా తిప్పి చూపించాడు.

సుభాషిణి అవ్వను మంచమ్మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. "అవ్వా, పిల్లలు కానోళ్లకు దవాఖానల గాజు గిన్నెల బిడ్డ మొలక కట్టిస్తరు. మిగిలిన మొలకల మీద మందుల కోసం పరీక్షలు చెయ్యొచ్చని కొందరంటరు, వద్దని కొందరంటరు. నువ్వేమంటవ్?"

"గదా సంగతి! మొలకంటే ప్రాణమే గద బిడ్డా..." అంది సమ్మమ్మ. "కన్నోళ్లు సరేనంటే చెయ్యనీ. అమ్ముకుంటే మాత్రం ఊకోవద్దు."

"మరి బిడ్డ వద్దనుకున్నామె కడుపు తీయించుకుంటే?"

"నేనైతె తీయించుకోను. గని ఇంకోదాని కష్టం నాకెర్కనా? తప్పని నేనెట్లంట?"

ఆ మాటకు ఫారంలో గడి లేదు. సుభాషిణి ఒక్క అక్షరం పోకుండా అంచున రాసుకుంది. మధు ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయాడు. అడిగితే ఇట్లా అడగాలి, వింటే ఇట్లా వినాలి అనిపించింది.

బయట వాన మొదలైంది. మధు సంచిలో నింపిన ఫారాలు నూటపన్నెండు ఉన్నాయి. సోమవారం రిపోర్టు పోతుంది. జనం వద్దన్నారని అందులో ఉంటుంది. జనం అనలేదు, అలా అనిపించింది తను రాసిన 'పిండం' అన్న మాట. చెప్తే కాంట్రాక్టు ఉద్యోగం పోవచ్చు.

"ఎవలకు తెలుస్తది సార్?" అంది సుభాషిణి, అతన్ని పరీక్షించాలనే.

"నీకు తెలుసు గద," అని మధు ఫోన్ తీసి సర్వే ఆఫీసరుకు కలిపాడు. "రాజమౌళి సార్, తప్పు నాదే. నూటపన్నెండు ఇండ్లు మల్ల తిరుగుత."

సుభాషిణి ఈసారి నవ్వలేదు. గొడుగు విప్పి సగం అతని మీదికి జరిపింది.

రాజమౌళి సార్ ఉద్యోగం ఊసెత్తలేదు. మూడో రోజుకు 'బిడ్డ మొలక' అన్న మాటతో కొత్త ఫారాలు అచ్చు వేయించి పంపారు. పదిహేను రోజులు ఒకే గొడుగు కింద ఇద్దరూ తిరిగారు. చివరి ఇల్లు మధు తండ్రి కట్టయ్యది.

ఆయన జవాబులన్నీ చెప్పి, ఫారం తిరగేసి అడుగు పంక్తి కూడబలుక్కుని చదివాడు. "ప్రశ్నలు రాసినవారు: మధు, సుభాషిణి."

ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పేర్లు పక్కపక్కన మంచిగున్నయి బిడ్డా. గిట్లనే ఉండనియ్యున్రి."

మధు తల వంచుకున్నాడు.

"సార్, ముఖంల భావం కనబడ్తాంది," గుసగుసగా అంది సుభాషిణి.

"నువ్వేమంటవ్? ఒప్పా, తప్పా, చెప్పలేనా?"

ఆమె అతని చేతిలోంచి పెన్ను లాక్కుని, అతని అరచేతిలోనే టిక్కు పెట్టింది.