లచ్చి రక్తం

2006 మే నెల. సికింద్రాబాద్ ఆఫీసులో డిటెక్టివ్ రఘునందన్ ఎదుట శ్రీలేఖ కూర్చుని ఉంది. ఆమె శామీర్‌పేటలోని ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. కోతుల జన్యువులను మనుషుల జన్యువులతో పోల్చి, మనకొచ్చే కొన్ని జబ్బులు వాటికెందుకు రావో వెతకడం ఆమె పని.

"లచ్చి అనే ఆడకోతికి మూడు నెలలు వరసగా రక్తం తీయించాను. ఫలితాలన్నీ మొన్న ఒకేసారి వచ్చాయి. మూడూ మనిషి రక్తమే సార్! అదీ మగమనిషిది. నేనే మోసం చేశానంటున్నారు డైరెక్టరు గారు. ఈ సాయంత్రంలోగా తేలకపోతే ప్రాజెక్టు మూసేస్తారట."

రఘునందన్ సహాయకురాలు ధరణికి బుర్ర తిరిగిపోయింది.

పరిశోధనశాలకు వెళ్లాక అయోమయం ఇంకా పెరిగింది. "ఆ ప్రాజెక్టు నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు. అలాగని సీసాలు మారుస్తానా?" అన్నాడు డైరెక్టరు రాజారావు. ఫ్రీజరు తాళం ఉండేది జూనియర్ వెంకటసాయి దగ్గర. రక్తం సీసాల సీళ్లు చెక్కుచెదరలేదని అతను ఒట్టేశాడు. ఎవరు మాట్లాడితే వాళ్లే దోషిలా కనిపించారు ధరణికి.

రఘునందన్ మాత్రం బోను దగ్గరున్న బరువుల పుస్తకం తిరగేశాడు. మార్చిలో ఆరు కిలోలు, ఏప్రిల్‌లో ఆరున్నర, ఇప్పుడు ఏడు.

"లచ్చి బాగా తింటోందా ఎంకయ్యా?" అని కోతుల్ని చూసుకునే కాపరిని అడిగాడు.

"మస్తు తింటాంది సార్," అన్నాడు కాపరి, చూపు తిప్పుకుంటూ. పక్క ఊరు లాల్‌గడి మలక్‌పేట్ మనిషి. పశువుల దవాఖానలో చేసి వచ్చినవాడు కనుక రక్తం తీసేదీ అతనే. అంత ఎండలోనూ నిండు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు.

సాయంత్రం అందరినీ డైరెక్టరు గదిలో కూర్చోబెట్టాడు రఘునందన్. ఎంకయ్య మాత్రం తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"సీళ్లు చెదరలేదు. అంటే రక్తం మారింది సీలు వేయకముందే, తీసేచోటే. తీసేది ఒక్కడే. ఎంకయ్యా, చొక్కా చెయ్యి పైకి మడత పెట్టు."

మోచేతి మడతలో సూది గాట్లు, కమిలిన మచ్చలు.

"లచ్చి కడుపుతోని ఉంది సార్," అన్నాడు ఎంకయ్య. "పోయినేడు గిట్లనే రక్తం తీస్తె ఇంకో కోతికి కడుపు పోయింది. చెప్తె ఎవలిన్నరు? మనిషికి కోతికి నూటికి తొంభై పైన ఒక్కటేనని మేడమే చెప్తుంటది గద. ఫరక్ పడదనుకున్న. నాదే తీసి పోసిన."

ఎవరూ నవ్వలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ధరణికి తోచలేదు.

"రేపట్నుంచి రావద్దు," అన్నాడు రాజారావు.

శ్రీలేఖ లేచి నిలబడింది. "బరువు పెరుగుతుంటే ప్రతినెలా సంతకం పెట్టాను సార్, ఎందుకని అడగలేదు. తప్పు నాదేనని రిపోర్టులో రాస్తాను. ఇతన్ని పంపేస్తే లచ్చి కాన్పు ఎవరు చూస్తారు?"

రాజారావు ఒక కుర్చీ ముందుకు జరిపాడు. ఎంకయ్యను కూర్చోమన్నాడు.