గీత తప్పిన లాలిపాట

పొద్దున్నే స్టూడియోకి వచ్చి, అలవాటుగా కుర్చీలో కూర్చోబోయి, సగం కూర్చుని మిగతా సగం దబ్బున పడ్డాడు స్కేలు. కుర్చీ నిన్నటికంటే జానెడు కిందికి దిగిపోయి ఉంది.

స్కేలు అంటే పాతికేళ్ళ కుర్రాడు. సంగీతంలో స్కేళ్ళన్నీ కంఠతా వచ్చు కాబట్టి ఆ పేరు. బల్ల మీద పెన్ను పెట్టినా గీత గీసినట్టే పెడతాడు కాబట్టి కూడా ఆ పేరే. పెట్టినవారు ఆ స్టూడియో యజమాని, టీవీ సీరియళ్ళకు ఏడుపు సంగీతం సరఫరా చేసే మాస్టారు. "మిడి వచ్చినవాడికి మిడిసిపాటు, రానివాడికి మిడిమిడి జ్ఞానం" అంటూ, కంప్యూటర్లో స్వరాలు రాసే మిడి పద్ధతి మీద తను వేసిన జోకుకి తనే ముందు నవ్వే మనిషి.

కంప్యూటర్ తెర చూస్తే తెల్లగా మెరిసిపోతోంది. నిన్న దాన్ని నల్లగా వదిలి వెళ్ళాడు. సరేలే అని ఒక స్వరాన్ని రెండుగా కత్తిరించే కీ నొక్కాడు. పాట అడుగున మోగే బేస్ మొత్తం మాయమైంది.

"ఎవరండీ నా కంప్యూటర్ని కెలికింది?" అని అరిచాడు.

"మీ కంప్యూటరా? అత్తారిచ్చారా?" అంది వెనకనుంచి ఒక గొంతు. మధ్యాహ్నం షిఫ్టుకి నిన్ననే చేరిన అమ్మాయి, మర్చిపోయిన హెడ్‌ఫోన్స్ కోసం వచ్చింది.

"కట్ కీ నొక్కితే బేస్ ఎగిరిపోయిందండీ!"

"అది నా డిలీట్ కీ అండీ. మార్చుకున్నాను."

"లోకమంతా కట్‌కి వాడే కీ అది!"

"లోకం చిటికెన వేలు పొడుగు కాబోలు. నాది అంతదూరం పోదు."

"మరి ఈ తెరేంటి, సున్నం కొట్టినట్టు? నల్లగా ఉంటే రంగురంగుల నోట్లు ఎంత బాగా కనిపిస్తాయి!"

"నోట్లు కనిపించక్కర్లేదండీ. వినిపిస్తే చాలు."

గొడవ మాస్టారి దాకా వెళ్ళింది. ఆయన టీ తాగుతూ తీర్పు చెప్పారు. "పొద్దున నీది, మధ్యాహ్నం ఆవిడది. ఎవరు కూర్చుంటే వాళ్ళ సెట్టింగులు. ఇంకో కంప్యూటర్ కొనమన్నారో, ఇద్దర్నీ కలిపి డిలీట్ చేస్తాను."

స్కేలు పియానో రోల్ మనిషి. తెరంతా తాళం లెక్కన గీసిన గళ్ళు, గళ్ళలో రంగు ఇటుకల్లా స్వరాలు. ఒక్క ఇటుక గీత దాటినా పంట్లో పీచు ఇరుక్కున్నట్టుండేది అతనికి. వెంటనే క్వాంటైజ్ అనే కీ నొక్కేవాడు. ముందుకీ వెనక్కీ పడ్డ స్వరాలన్నీ పరుగున వచ్చి, హెడ్మాస్టర్ని చూసిన పిల్లల్లా గీతల మీద నిలబడేవి.

ఆమెది అంకెల జాబితా. స్వరానికో వరుస. ఎప్పుడు మోగింది, ఎంత బలంగా మోగింది, ఎప్పుడు ఆగింది. మార్చాల్సింది మార్చి, మానిటర్ ఆపేసి, కళ్ళు మూసుకుని వినేది. ఆమె వాయించే స్వరాలు గీతకి ఇసుమంత వెనకగా, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వస్తున్నట్టు వచ్చేవి. మాస్టారు ఊరుకుంటారా? లేటమ్మ అని పేరు పెట్టేశారు.

ఇంటర్నెట్ నిండా ఈ రెండు పార్టీలవాళ్ళూ పేజీలకు పేజీలు తిట్టుకుంటారు. ఇక్కడ రెండు పార్టీలకీ కలిపి ఒకటే కుర్చీ.

షిఫ్టు మారే వేళ ఇద్దరూ ఎదురుపడేవారు. మొదట పొడుచుకోవడానికి, తర్వాత పొడుచుకునే మిషతో.

"ఏమండీ స్కేలుగారూ, కుర్చీ దించి వెళ్ళొచ్చుగా?"

"మీరే ఎదగొచ్చుగా?"

కొన్నాళ్ళకి అతను దిగిపోయే ముందు కుర్చీ దించడం మొదలుపెట్టాడు. ఆమె వెళ్ళే ముందు తెర నల్లగా మార్చి వెళ్ళేది. కానీ ఆ కట్ కీ మాత్రం మార్చేది కాదు. రోజూ పొద్దున ఒక్క స్వరమైనా ఎగిరిపోవాలి, అతను విసుక్కోవాలి, ఆ విసుగులో తను గుర్తుకురావాలి. లేటమ్మ లెక్క అది. 'మీరు' ఏ రోజు 'నువ్వు' అయిందో ఇద్దరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. స్కేలు దగ్గర గొడుగుంది. లేకుండా ఎలా ఉంటుంది! దాన్ని కాలితో బల్ల కిందికి తోసి, "అయ్యో, గొడుగు తేలేదే" అన్నాడు. బల్ల కిందనుంచి గొడుగు పిడి బయటికి తొంగిచూస్తోంది. ఆమె దాన్ని చూసి కూడా చూడనట్టే ఊరుకుంది.

"రేకు మీద చినుకులు వింటున్నావా? వీటినీ గీతల మీదికి లాగుతావా?" అంది.

"లాగితే అది వానెందుకవుతుంది, కుళాయి అవుతుంది."

ఆమె పగలబడి నవ్వింది. అదే సమయమనుకున్నాడు. ముందే అభ్యాసం చేసుకున్నది కాబట్టి ఎక్కడా తడబడకుండా, "నువ్వంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందామా?" అనేశాడు.

 చూరు కారింది. టీ చల్లారింది. అతని గుండె మాత్రం టెంపో పెంచుకుంటూ పోయింది. అంతా అయిపోయిందనుకుని గొడుగు కోసం వంగాడు.

"ఊఁ" అంది లేటమ్మ.

స్కేలుకి జీవితంలో నచ్చిన మొట్టమొదటి ఆలస్యం అది.

"అయితే నీకొకటి వినిపించాలి," అని ఒక ఫైల్ తెరిచి మానిటర్ ఆపేసింది. పియానో మీద ఒక లాలిపాట. నెమ్మదిగా, మెత్తగా. "మా అమ్మ. పిల్లలకి పియానో నేర్పేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అంతకుముందు ఓసారి సరదాగా కూర్చోబెట్టి రికార్డు చేశాను. నా చిన్నప్పుడు నాకు తనే కట్టిన పాట."

"ఆడియో ఉందా?"

"లేదు, మిడి ఒక్కటే. అమ్మ వేళ్ళు ఎప్పుడు పడ్డాయి, ఎంత బరువుగా పడ్డాయి, ఎప్పుడు లేచాయి, అంతే. శబ్దం మనం ఏది తగిలిస్తే అది. అమ్మ చేతికి తగ్గ పియానో సౌండ్ ఇంకా దొరకలేదు. దొరికాక ఆడియో చేస్తా."

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. ఇంతకంటే మంచి సౌండ్ వచ్చే నెల వస్తుందని.

"ఇంట్లో లాప్‌టాప్ బతికున్నన్నాళ్ళూ అమ్మకి వినిపించేదాన్ని. ఒక చోట ఎడమచేతి వేలు పైకి లేపి, సరిగ్గా ఆ స్వరంతోపాటు దించేది. లాప్‌టాప్ పోతూంటే ఈ ఒక్కటీ ఇక్కడికి తెచ్చుకున్నాను."

స్కేలుకి చీకటి తెర ముందు కూర్చోవడం చేతకాలేదు. పాట మధ్యలో మానిటర్ వేసేశాడు.

"చూడకు. విను."

"వింటూనే చూస్తున్నా."

చూశాడు. రెండో చరణం చివర ఒక స్వరం గీతకి ఎంతో వెనకబడి, తప్పిపోయిన పిల్లలా ఒంటరిగా ఉంది. పాపం, అప్పటికే చెయ్యి బలహీనపడిందనుకున్నాడు. పంట్లో పీచు కదిలింది.

లేటమ్మ వాళ్ళమ్మ, టీచరుగారి పుట్టినరోజు దగ్గరపడింది. కాబోయే అల్లుడు ఉత్తచేతుల్తో వెళతాడా? వెతికి వెతికి ఒక అద్భుతమైన పియానో సౌండ్ సంపాదించాడు. ఫైల్ తెరిచాడు. అన్ని స్వరాల్నీ ఎంచి క్వాంటైజ్ నొక్కాడు. బలహీనంగా పడ్డవాటిని బలంగా చేశాడు. వెనకబడ్డ ఆ ఒంటరి స్వరాన్ని చెయ్యిపట్టి నడిపించుకొచ్చినట్టు తెచ్చి గీత మీద పెట్టాడు. అతని కళ్ళు చెమర్చాయి కూడా. జబ్బుచేసిన చేతిని తనే బాగుచేసినట్టనిపించింది. అదే పేరుతో సేవ్ చేశాడు. పనయ్యాక ఎప్పటిలాగే డిస్కు శుభ్రం చేస్తూ పాత బ్యాకప్‌లన్నీ చెరిపేశాడు.

పుట్టినరోజునాడు లేటమ్మ వాళ్ళింట్లో, కిటికీ పక్క కుర్చీలో, కుడిచెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది టీచరుగారు. స్కేలు స్పీకర్ పెట్టి పాట మొదలుపెట్టాడు. గదంతా పియానో నిండింది. టీచరుగారు తలాడించింది. లేటమ్మ మొహంలో నవ్వు మొదట సందేహంగా, తర్వాత ఇంకేదో అయింది.

రెండో చరణం చివర టీచరుగారి ఎడమచేతి వేలు పైకి లేచింది. అప్పటికే స్వరం పడిపోయింది. పాట ముందుకెళ్ళిపోయింది. వేలు గాల్లోనే ఉండిపోయింది.

"ఎవరు పాపా ఇది? చక్కగా వాయించాడు," అంది టీచరుగారు. "ఎక్కడా తాళం తప్పలేదు. నా దగ్గర నేర్చుకున్నవాడైతే కాదు."

"మీరేనండీ!" అన్నాడు స్కేలు సంబరంగా. "కొంచెం సరిచేశానంతే."

"ఏం సరిచేశావ్?" అంది లేటమ్మ.

"అక్కడక్కడా వెనకబడిందిగా... పాపం, ఒంట్లో బాలేక..."

"అన్‌డూ చెయ్యి."

"ఫైల్ మూసేశాను."

"బ్యాకప్?"

 ఎప్పుడూ తీర్చిదిద్దినట్టుండే స్కేలు జుట్టు కూడా ఆ క్షణాన చెదిరినట్టు కనిపించింది.

టీచరుగారు గాల్లో ఉన్న వేలిని మెల్లగా ఒళ్ళోకి దించుకుంది. "ఒంట్లో బాలేక కాదు బాబూ. అక్కడ ఆగేదాన్ని. ఇది నిద్రపోయిందో లేదో అని తల తిప్పి చూసేదాన్ని. చూసి, అప్పుడు వాయించేదాన్ని. పెద్దదై ఆ పాటకి పడుకోవడం మానేశాక కూడా ఆ అలవాటు పోలేదు."

తాళం తప్పకుండా వేశాడు స్కేలు. మనిషిని బయటపెట్టి మరీ వేశాడు.

ఆ తర్వాత రోజులన్నీ అతను ఆ స్వరాన్ని వెనక్కి జరుపుతూనే గడిపాడు. సాఫ్ట్‌వేర్లో హ్యూమనైజ్ అని ఒక కీ ఉంది. మనిషి వాయించినట్టు అన్నిటినీ కాస్త చెదరగొడుతుంది. అది నొక్కి లేటమ్మని పిలిచాడు. ఆమె మానిటర్ ఆపి వింది.

"ఇది తాగినవాడి ఆలస్యం."

చేత్తో జరిపాడు. మళ్ళీ పిలిచాడు.

"ఇది బస్సు తప్పిపోయినవాడి ఆలస్యం."

"నువ్వే చెప్పొచ్చుగా, ఎంత వెనక్కని?"

"విన్నావుగా నువ్వు కూడా. గుర్తులేదా?"

గుర్తులేదు. తెర మీద అదెక్కడుందో, ఏ రంగులో ఉందో గుర్తుంది. ఎలా వినిపించిందో గుర్తులేదు.

"నీ మీద కోపం లేదు," అంది ఆమె చివరికి. కోపం ఉందంటే బాగుండుననుకున్నాడు. "మంచి సౌండ్, మంచి సౌండ్ అని నేనూ కూర్చున్నాగా. కానీ నువ్వు కుర్చీలో ఉన్నప్పుడల్లా నాకు ఆ వేలే కనిపిస్తోంది."

కొన్నాళ్ళకి స్కేలు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. కుర్చీ సరిగ్గా అతని ఎత్తుకి ఉంది. తెర నల్లగా ఉంది. కట్ కీ నొక్కాడు. స్వరం బుద్ధిగా రెండుగా తెగింది. ఏదీ ఎగిరిపోలేదు. అన్ని కీలూ అతనివే. ఒక్కటి కూడా తప్పలేదు.

మాస్టారు చెప్పకముందే అర్థమైంది, ఆమె పని మానేసిందని.

"వేరే స్టూడియోలో చేరిందిట్రా," అన్నారాయన. ఈసారి జోకు వెయ్యలేదు. వేసుంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ ఆదివారం స్కేలు చిన్న కీబోర్డు చంకన పెట్టుకుని టీచరుగారింటికి వెళ్ళాడు. తలుపు ఆవిడే తీసింది, ఎడమచేత్తో.

"టీచరుగారూ, ఆ పాట నాకు నేర్పుతారా?"

"నీకు పియానో వచ్చా బాబూ?"

"మౌసుతో వచ్చండి."

ఆవిడ నవ్వింది. కంప్యూటర్ లేదు, తెర లేదు, గీతల్లేవు. కీబోర్డు మెట్లు అతని వేళ్ళని కొత్త చెప్పుల్లా కరిచాయి. ఆవిడ ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద తాళం వేస్తూ, రాగం తీస్తూ, తప్పినచోటల్లా మళ్ళీ మొదలెట్టించింది. అలా చాలా ఆదివారాలు గడిచాయి. లేటమ్మ ఆ వేళకి ఎప్పుడూ బయటికి వెళ్ళిపోయి ఉండేది.

"ఇదిగో, ఇక్కడ ఆగు."

"ఎంతసేపండీ?"

"పిల్ల వంక చూసినంతసేపు."

ఎవరి వంక చూడాలో తెలియక స్కేలు తల తిప్పాడు. లోపలి గుమ్మంలో లేటమ్మ నిలబడి ఉంది. భుజాన సంచీ, చేతిలో గొడుగు. బయటికి వెళ్ళబోతూ ఆగినట్టుంది. ఎంతసేపట్నించి వింటోందో.

చూశాడు. చూస్తూ చూస్తూ వాయించాల్సింది మర్చిపోయాడు. గుర్తొచ్చి మెట్టు నొక్కాడు. టీచరుగారి వేలు కూడా అప్పుడే దిగింది.



"అమ్మది ఇంతకంటే కాస్త ముందొచ్చేది," అంది లేటమ్మ.

"తెలుసు."

"నీకు తెలీదు." ఆమె గొంతు పదునుగా లేదు. అలసిపోయి ఉంది. "రికార్డు చేస్తున్నావా?"

"లేదు."

"చెయ్యకు."

చెప్పులేసుకుంటోంది. ఇంకాసేపట్లో తలుపు మూసుకుంటుంది. స్కేలు లేచి నిలబడ్డాడు. ఈసారి ముందుగా అభ్యాసమేమీ చెయ్యలేదు.

"నేను... వచ్చే ఆదివారం... అంటే, నువ్వున్నప్పుడు కూడా... రావచ్చా?"

ఆమె తలుపు దగ్గర ఆగింది. తిరిగి చూడలేదు. చెయ్యి గడియ మీదే ఉంది. తర్వాత తలుపు తెరుచుకుంది, మూసుకుంది. మెట్లు దిగుతున్న చప్పుడు, వీధి చప్పుడులో కలిసిపోయింది.

అతను వింటూ నిలబడ్డాడు. ఆమె జవాబు ఎప్పుడైనా ఆలస్యంగానే వస్తుంది. అందుకే, అది రాలేదో, ఇంకా రావాల్సి ఉందో అతనికి తెలియలేదు.

"కూర్చో బాబూ," అంది టీచరుగారు. "మళ్ళీ మొదట్నించి."