మిట్టమధ్యాహ్నం సగం ఎండ

ఉదయం పదింటికి బాస్ ఫోన్.

"నత్తా, పన్నెండింటికి స్టేడియంలో నాలుగు వేలమంది పిల్లల పరుగు. గాలి బాగుందని కాలుష్యం కొలిచే స్టేషన్ చెబితేనే మొదలెడతారు. బాగోకపోయినా బాగుందనిపించాలని విదేశీ ముఠా ప్లాన్. పిల్లలు కెమెరాల ముందు కూలిపోతే చాలు, వాళ్లు అమ్మే గాలి శుద్ధి మెషిన్లకి మర్నాడే కాంట్రాక్ట్."

"లోపల మనవాళ్లెవరున్నారు?"

"స్టేషన్ హెడ్, ఆ డాక్టర్. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లందిస్తోంది. నమ్ము."

ఏజెంట్ నత్త సరేనన్నాడు. ఆ నాలుగు వేలమందిలో అతని కూతురూ ఉంది. దానికి ఉబ్బసం. వెళ్లొద్దంటే పొద్దున మూతి ముడుచుకుని మరీ వెళ్లింది. ఆ సంగతి చెబితే బాస్ మిషన్ నుంచి తప్పిస్తాడని నోరు మెదపలేదు.

ఎందుకో చెప్పకుండానే బాస్ పంపగా, మూడు రోజులుగా అతనిది స్టేషన్‌లో క్లీనర్ వేషం. డాబా మీద అతినీలలోహిత కిరణాల్ని కొలిచే యూవీ మీటరుంది. దాని గాజు మూతని రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడవాలి. గూఢచారి బతుకు బయటికి ఎంత గొప్పగా కనిపించినా, లోపల ఇంతే.

పదకొండు యాభై. తడిగుడ్డతో కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లాడు.

"గొడుగు తెచ్చారా?" అంది డాక్టర్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, సినిమా తారంటే నమ్మాల్సిందే.

"ఎండకా, వానకా?" అన్నాడు కోడ్ ప్రకారం.

"నిశ్చింతగా ఉండండి. ఎవరూ ఏమీ మార్చలేదు."

తెర మీద పచ్చ అంకెలు. పొగ తక్కువ, ఓజోన్ తక్కువ. నత్త ఊపిరి పీల్చుకుని వెళ్లబోతూ మూలనున్న యూవీ డయల్ చూశాడు. దాని తీగ డాబా మీంచి నేరుగా దిగుతుంది, కంప్యూటర్‌తో సంబంధం లేదు. ముల్లు సగంలోనే ఆగి ఉంది.

"మొన్న వాన వెలిశాక ఈ ముల్లు చివరిదాకా వెళ్లిందండీ. ఇవాళా మబ్బు తునక లేదు, గాలీ శుభ్రమంటున్నారు. మరి యూవీ సగమే వస్తోందేం?"

"దుమ్ము పట్టుంటుంది."

"పొద్దున నేనే తుడిచానండీ."

నత్తకి లెక్క తేలింది. పైన పొగా ఓజోనూ కలిసి కిరణాల్ని మింగేస్తున్నాయి. మిగిలిన కిరణాలు వాహనాల పొగని ఉడికించి ఊపిరితిత్తుల్ని కాల్చే ఓజోన్‌ని ఇంకా పుట్టిస్తున్నాయి. పిల్లలు పీల్చబోయేది అదే. ముఠా పొగ, ఓజోన్ అంకెలు మార్చింది గానీ, ఎండతో దానికేం పని అనుకుని యూవీని వదిలేసింది.

డాక్టర్ హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ తీసింది. "ఇంకో నాలుగు నిమిషాలే. కదలకండి."

"నా కూతురుందండీ అక్కడ."

"అయ్యో పాపం," అంది చల్లగా.

చేతిలోని తడిగుడ్డ ఆవిడ ముఖాన కొట్టాడు. తూటా పైకప్పుకి తగిలింది. మణికట్టు విరిచి పిస్టల్ లాక్కుని, వాచీలోని బటన్ నొక్కాడు.

"బాస్, అంకెలు దొంగవి. డాక్టరూ దొంగే. పరుగు ఆపండి."

"రుజువేదీ?"

"యూవీ సగమే ఉంది. మిగతాది వచ్చి చెబుతా, ముందు ఆపించండి!"

గోడమీది టీవీలో స్టేడియం. తుపాకీ పేల్చి పరుగు మొదలెట్టే స్టార్టర్ చెయ్యి పైకి లేచింది, వేలు ట్రిగ్గర్ మీద పడింది. ఎవరో పరిగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నారు. నత్త డాక్టర్ చేతుల్ని ఆవిడ ఎర్ర స్కార్ఫ్‌తోనే కట్టేశాడు.

సాయంత్రం కూతురు బ్యాగు సోఫాలోకి విసిరింది. "ఎవడో బుర్రలేనివాడు ఫోన్ చేసి పరుగు ఆపించాడట నాన్నా. ఈసారి ఫస్ట్ నేనే వచ్చేదాన్ని."

"ఏం చేస్తాం తల్లీ," అన్నాడు నత్త. "అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు."