దాది పెంచిన వంగ

వంగ మొక్క సంచి అడుగు నుంచి కారిన నీళ్ళలో పిహెచ్ మీటరు పెట్టగానే అంకె ఏడు పాయింట్ రెండు దగ్గర ఆగింది.

"ఐరన్ మందు మూడుసార్లు పోశానండి," అంది నూకరత్నం. "అయినా లేతాకులు పసుపెక్కిపోతన్నాయి. ఈనెలు మాత్రమే పచ్చగా ఉన్నాయి."

"ఐరన్ ఉంది రత్నంగారూ. వేరు దాన్ని తీసుకోలేకపోతోంది," అంది మొక్కల శాస్త్రవేత్త డాక్టర్ ఫరీదా. "పిహెచ్ ఇంత పెరిగితే ఐరన్ నీళ్ళలో కరగదు. ఇంకా పోస్తే లాభం లేదు. ముందు పిహెచ్ దింపాలి."

సముద్రం చింతలంక పొలాల్లోకి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఉప్పెక్కిన మట్టిలో గడ్డి కూడా మొలవడం లేదు. ఊరంతా మెరక మీద షెడ్లు వేసుకుని, కొబ్బరి పొట్టు నింపిన సంచుల్లో కూరగాయలు పండించుకుంటోంది. కొబ్బరి పొట్టుకి ఓ చెడ్డ గుణం ఉంది. పోసిన కాల్షియం, మెగ్నీషియంలని తనే పట్టేసుకుంటుంది. బదులుగా తనలో ఉన్న ఉప్పు నీళ్ళలోకి వదులుతుంది. అందుకే ఓ వారం ముదురాకులకి మచ్చలు, మరో వారం కొత్త చిగుళ్ళు మాడిపోవడం.

నూకరత్నం సంచుల్లో ఉన్నది ముళ్ళ వంగ. ఆమె అత్తగారి అత్తగారి నాటి నుంచి వాళ్ళ పొలంలో కాసిన రకం. నీళ్ళు గుమ్మంలోకి వచ్చిన పూట ఆమె కొంగున కట్టుకుని బయటపడింది ఆ గింజలతోనే.

మరుసటి ఏడు ఫరీదా ఓ యంత్రం తెచ్చింది. పేరు దాది. ప్రతి మొక్క కాడకీ ఒక క్లిప్పు, వేళ్ళ దగ్గర ఒక సెన్సర్. ఏ పోషకం తక్కువైనా, ఆకు రంగు మారడానికి నాలుగు రోజుల ముందే కాడలో నడిచే విద్యుత్తు కొద్దిగా మారుతుంది. దాది ఆ మార్పుని పట్టుకుని, సన్నటి గొట్టంలోంచి ఆ మొక్కకి ఏది కావాలో అది చుక్కలుగా వదులుతుంది. పిహెచ్ అయిదు పాయింట్ ఎనిమిది దాటనివ్వదు, తగ్గనివ్వదు.

షెడ్డు పచ్చబడింది. చెట్టుకి పది కాయలు కాసే చోట నలభై కాశాయి. ఎక్కువ కాసిన చెట్టు నుంచి విత్తనం తీయమని దాదే చూపించేది. ఏడాదికి రెండు పంటలు. ఆ విత్తనం డెల్టా అంతా పాకింది. పాత రకాలు ఎవరూ ఉంచుకోలేదు.

సముద్రం వచ్చిన పద్దెనిమిదో ఏడు, వరసగా మంచి వానలు పడ్డాక, ఫరీదా పొలాల మట్టి పరీక్ష చేసి పరుగులాంటి నడకతో వచ్చింది.

"రత్నంగారూ, ఉప్పు పోయింది! నేల బాగుపడింది. మీరు పొలానికి వెళ్ళిపోవచ్చు."

నూకరత్నం "నిజంగానాండీ?" అంది.

ఆమె తన చేత్తోనే నారు పోసి, నాటింది. పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చునేది. తొమ్మిదో రోజుకి లేతాకులు పసుపెక్కాయి. పన్నెండో రోజుకి చిగుళ్ళు మాడాయి. మూడో వారానికి చేలో ఒక్క మొక్క నిలబడలేదు. పక్క చేలల్లో దాది విత్తనంతోనే వేసిన టమాటాకీ, మిరపకీ అదే గతి.

ఫరీదా మట్టి మళ్ళీ పరీక్షించింది. ఐరన్ ఉంది, కాల్షియం ఉంది. లోపం ఎక్కడా లేదు. ఓ మొక్కని పీకి, వేళ్ళు కడిగి, లెన్సు కింద పెట్టింది. నూలు పోగులాంటి వేరు ఒక్కటుంది. మట్టిని పట్టుకునే సన్నటి నూగు దానికి లేదు.

"మామూలు మొక్కకి కొరత పడితే వేరు వెతుక్కుంటుంది," అంది చివరికి. "నూగు వేస్తుంది, పుల్లటి రసం వదిలి మట్టిలోంచి ఐరన్ కరిగించుకుంటుంది. దాది దగ్గర వీటికి ఆ అవసరమే రాలేదు. వేరుకి పెట్టే బలం కూడా కాయకి పెట్టిన చెట్లనే మనం ఏరుకున్నాం. ముప్పై తరాలు. ఇప్పుడు వీటికి వెతుక్కోవడం రాదు."

"అంటే నా గింజ పోయినట్టేనా?"

"మొదటి గింజలు ఏమైనా దాచారా?"

"పారబోశానండి. కొత్తవి ఇంత బాగుంటే పాతవెందుకని మీరే అన్నారు కదండీ."

ఫరీదా ఆ నెలంతా తెలిసిన విత్తన కేంద్రాలన్నిటికీ ఉత్తరాలు రాసింది. ఒక్కచోటి నుంచి ఏళ్ళనాటి ముళ్ళ వంగ గింజల చిన్న పొట్లం వచ్చింది. తడిగుడ్డలో కట్టి ఇరవై రోజులు చూశారు. ఒక్కటీ మొలకెత్తలేదు.

ఈలోగా కలెక్టరాఫీసు నుంచి కాగితం వచ్చింది. నేల బాగుపడింది గనక మెరక ఖాళీ చేయాలి, ఎవరి పొలంలో వాళ్ళు సాగు చేసుకోవాలి. దాదిని మాత్రం వెంట తీసుకెళ్ళవచ్చు.

వేసవిలో చింతలంక జనం పొలాలకి దిగారు. దున్నడానికి కాదు. నేలంతా నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద కొబ్బరి పొట్టు సంచులు పేర్చి, దాది గొట్టాలు లాగుతున్నారు.

"వద్దనుకుంటే ఆపేద్దాం రత్నంగారూ," అంది ఫరీదా. "ఇంకేదైనా..."

"ఆపేసి ఏం తింటామండీ?"

షీటు గాలికి లేవకుండా అంచుల మీద మట్టి వేయాలి. నూకరత్నం పార తీసుకుని తన చేలోనే తవ్వింది. తడిగా, నల్లగా మట్టి పైకొచ్చింది. అందులో ఓ వానపాము మెలికలు తిరిగింది. ఆమె దాన్ని అరచేతిలోకి తీసుకుని, ఎక్కడ వదలాలా అని చుట్టూ చూసింది. ఎటు చూసినా షీటే. గట్టు దాకా నడిచి అక్కడ వదిలి వచ్చింది.

రెండో పారలో నాలుగొచ్చాయి. ఈసారి ఆమె వంగలేదు. మట్టితో పాటే షీటు మీద వేసి, కాలితో అణిచింది.